పెళ్లిళ్లు, గుడులు, పక్షులు: ఒక్క లెన్స్‌కే డబ్బు ఉన్నప్పుడు ఏది కొనాలి?

అనంతపురం నుండి ఒక యువ ఫోటోగ్రాఫర్ అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన దగ్గర కెనాన్ క్రాప్ సెన్సార్ (ఫోటో పడే సెన్సార్ చిన్నదిగా ఉండే) డీఎస్ఎల్ఆర్, దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్, ఒక 55-250 జూమ్ ఉన్నాయి. ఇప్పటి దాకా పెళ్లిళ్లకు సహాయకుడిగా వెళ్తున్నారు. వచ్చే ముహూర్తాల నుండి సొంతంగా పని ఒప్పుకోవాలని అనుకుంటున్నారు. తీరిక దొరికినప్పుడు లేపాక్షి, తాడిపత్రి గుడులు, గండికోట, వీరాపురం కొంగలు తీయాలన్నది ఆయన కోరిక. ఒక్క లెన్స్‌కు సరిపడా డబ్బే ఉంది. 18-300 వంటిది ఒకటి తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుందని కొందరు, 50 ఎం.ఎం. చాలని కొందరు, లెన్స్ సంగతి తరువాత, ముందు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) బాడీకి మారమని ఇంకొందరు చెప్పారట. ఎవరి మాట వినాలని అడుగుతున్నారు.

నేను కర్నూలులో చాలా ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను, గుడుల శిల్పాలు తీయడం నాకు ఇష్టమైన పని. నా సమాధానం ముందే చెప్పేస్తాను. సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకునే ఉద్దేశం గట్టిగా ఉంటే 17-50 ఎఫ్/2.8 జూమ్ కొనండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగును లోపలికి పంపగలదు. సిగ్మా, టామ్రాన్ రెండు కంపెనీలూ కెనాన్ క్రాప్ కెమెరాలకు ఈ లెన్స్ తయారు చేశాయి. కెనాన్‌దే 17-55 ఎఫ్/2.8 కూడా ఉంది. గుడులకూ, గండికోటకూ, వీరాపురానికీ ప్రస్తుతానికి కొత్త లెన్స్ అవసరం లేదు, మీ దగ్గర ఉన్న రెండూ చాలు. 18-300 వద్దు. బాడీ మార్చడం తరువాతి మాట.

ఎందుకిలా చెబుతున్నానో వివరించే ముందు, నేను ఏ లెన్స్ గురించి ఆలోచించినా ముందుగా వేసుకునే ఒక చిన్న లెక్క చెబుతాను. పోర్ట్రెయిట్ లెన్స్, ల్యాండ్‌స్కేప్ లెన్స్ అని పేర్లు పెట్టి అమ్ముతారు గానీ, తీసే చోట మనం ఎంత దూరంలో నిలబడగలం, అక్కడ వెలుగు ఎంత ఉంది అన్న రెండు సంగతులే నిజంగా లెన్స్‌ను నిర్ణయిస్తాయి. దూరం సంగతి తేల్చడానికి మనకూ విషయానికీ మధ్య ఉన్న దూరాన్ని 22తో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులోని 18, 50 వంటి ఎం.ఎం. అంకెతో) భాగిస్తే, ఫ్రేములో అడ్డంగా ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. కెనాన్ క్రాప్ సెన్సార్ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు కాబట్టి ఆ అంకె. నికాన్, సోనీ క్రాప్ కెమెరాలకు 23.5, ఫుల్ ఫ్రేమ్‌కు 36 వేసుకోవాలి. కెమెరాను నిలువుగా పట్టుకుంటే 22కు బదులు 15. మరీ దగ్గరి నుండి తీసేటప్పుడు ఈ లెక్క కొంచెం తప్పుతుంది గానీ, ఒకటిన్నర మీటరు దాటిన దూరాలకు నిశ్చింతగా నమ్మవచ్చు.

ఇప్పుడు దీన్ని పెళ్లి మండపంలో పెట్టి చూడండి. వేదిక మీద బంధువులు ఆరు మీటర్ల వెడల్పున నిలబడ్డారనుకుందాం. 17 ఎం.ఎం. దగ్గర తీయడానికి మీరు నాలుగున్నర మీటర్ల వెనుక ఉంటే చాలు. 35 ఎం.ఎం. అయితే తొమ్మిదిన్నర మీటర్లు, 50 ఎం.ఎం. అయితే పదమూడున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. మన కల్యాణ మండపాల్లో వేదిక ముందు మొదటి వరుస కుర్చీలు ఎంత దగ్గరగా వేస్తారో మీకు తెలియనిది కాదు. పదమూడు మీటర్లు వెనక్కి వెళ్లేసరికి మీకూ వధూవరులకూ మధ్య సగం పెళ్లి నిలబడి ఉంటుంది. 50 ఒక్కటే పట్టుకుని పెళ్లికి వెళ్లవద్దని నేను అనడానికి కారణం ఇదే. అది మంచి లెన్స్, చవకైన లెన్స్, కానీ మండపంలో కాలు కదపడానికి చోటు లేనప్పుడు అది కిటికీ సందులో నుండి చూసినట్టే ఉంటుంది.

అదే 50 ఎం.ఎం.ను పెళ్లికూతురి గదిలోకి తీసుకెళ్లండి. నిలువుగా పట్టి రెండు మీటర్ల దూరం నుండి తీస్తే అరవై సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, అంటే తల నుండి నడుము దాకా చక్కగా సరిపోతుంది. రెండు మీటర్ల దూరం నుండి చూసినప్పుడు ముఖం తీరు సహజంగా ఉంటుంది, ముక్కు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపించదు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ముఖాన్ని వికారంగా చూపించేది వైడ్ లెన్స్ (17, 18 వంటి చిన్న అంకెల లెన్స్) అని అనుకుంటారు. నిజానికి ఆ వికారం దగ్గరికి వెళ్లి తీయడం వల్ల వస్తుంది. ఏ లెన్స్ అయినా ఒకే చోట నిలబడి తీస్తే ముఖంలోని భాగాల పొందిక ఒకటే. వైడ్ లెన్స్ మనల్ని దగ్గరికి రప్పిస్తుంది కాబట్టి ఆ తప్పు లెన్స్ మీద పడుతుంది. అయితే అంచుల సంగతి వేరు: 17 దగ్గర గ్రూప్ ఫోటో తీసినప్పుడు ఈ చివరన, ఆ చివరన నిలబడ్డవారు ఉన్నదాని కంటే లావుగా సాగినట్టు కనిపిస్తారు, అది వైడ్ లెన్స్ స్వభావమే. అందుకని స్థలం ఉన్నంత వరకు రెండడుగులు వెనక్కి జరిగి 22 నుండి 24 దగ్గర తీయండి. తప్పనిసరిగా 17 వాడవలసి వస్తే ఫ్రేము రెండు అంచుల్లో కొంత ఖాళీ వదిలేయండి.

ఇక వెలుగు. మీ కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్/2.8 లెన్స్ అదే చోట నాలుగింతల వెలుగు లోపలికి పంపుతుంది. ముహూర్తం తెల్లవారుజామున పడింది, వేదిక మీద అలంకరణ దీపాలే దిక్కు, కిట్ లెన్స్‌తో ఐ.ఎస్.ఓ. (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 పెట్టినా షట్టర్ సెకనులో 50వ వంతు కంటే వేగంగా పోవడం లేదనుకోండి. అక్కడే ఎఫ్/2.8 ఉంటే అదే ఐ.ఎస్.ఓ.కు సెకనులో 200వ వంతు దొరుకుతుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు నిలకడగా ఉంటాయి, 50వ వంతుతో కూడా నెట్టుకురావచ్చు. తలంబ్రాలప్పుడు అది కుదరదు. ఎగిరే బియ్యం, నవ్వుతూ కదిలే తలలు, పైకి లేచిన చేతులు అన్నీ గీతలు గీతలుగా వస్తాయి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివారి కదలికను ఆపలేదు. దుకాణంలో అమ్మేవారు ఈ తేడా చెప్పరు కాబట్టి నేను ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఫ్లాష్ వాడేవారికి ఈ బాధ తక్కువే. తెల్లటి, మరీ ఎత్తు లేని పైకప్పు ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టి కిట్ లెన్స్‌తోనే శుభ్రమైన గ్రూప్ ఫోటోలు తీయవచ్చు. కానీ పల్లెల్లో రంగు షామియానాల కింద పెళ్లి జరిగినప్పుడు ఆ షామియానా రంగే ముఖాల మీదకు దిగుతుంది. పెద్ద ఫంక్షన్ హాళ్లలో పైకప్పు అందనంత ఎత్తున ఉంటుంది. ఫ్లాష్ మీద మాత్రమే ఆధారపడి పని ఒప్పుకోవడం నాకు క్షేమం అనిపించదు.

18-300 వద్దన్నది కూడా ఇందుకే. ఆ తరహా లెన్సులు జూమ్ చేసే కొద్దీ ఎఫ్/5.6, ఎఫ్/6.3కు దిగిపోతాయి. పగటిపూట ఊరేగింపుకో, కుటుంబంతో తీర్థయాత్రకో వెళ్లేవారికి అవి హాయి. మిమ్మల్ని వేధిస్తున్న కొరత వెలుగు. ఆ లెన్స్ మీకు దూరం ఇస్తుంది, అది మీ 55-250లో ఇప్పటికే ఉంది.

బాడీ మార్చే సంగతి కూడా లెక్కతోనే చూద్దాం. క్రాప్ నుండి ఫుల్ ఫ్రేమ్‌కు మారితే, అదే తరం కెమెరాలైతే, తక్కువ వెలుగులో దక్కే లాభం సుమారు ఒక స్టాప్ (అంటే రెండింతల వెలుగు), ఇంకొంచెం. ఎఫ్/5.6 నుండి ఎఫ్/2.8కు మారితే దక్కేది రెండు స్టాపులు. పైగా ఫుల్ ఫ్రేమ్ బాడీ కొన్నాక దానికి తగిన 24-70 ఎఫ్/2.8 కూడా కొనాలి, లేకపోతే మారిన ఫలితం సగం కూడా కనిపించదు. కాబట్టి ముందు లెన్స్. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెప్పాలి: క్రాప్ కెమెరాల కోసమే చేసిన 17-50 తరహా లెన్సులు రేపు మీరు ఫుల్ ఫ్రేమ్‌కు మారితే పూర్తిగా పనికిరావు. కెనాన్ ఈఎఫ్-ఎస్ (కెనాన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్‌ల కోసమే చేసిన రకం) లెన్స్ అయితే ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు అసలు బిగియదు. ఆర్ఎఫ్ మౌంట్ (కెనాన్ కొత్త తరహా లెన్స్ బిగింపు) ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలకు అడాప్టర్‌తో బిగుస్తుంది, ఆర్ఎఫ్ క్రాప్ బాడీ అయితే ఏ లోపమూ లేకుండా పనిచేస్తుంది, ఫుల్ ఫ్రేమ్ బాడీ అయితే సెన్సార్‌లో మధ్య భాగాన్నే వాడుకుంటుంది. రెండేళ్లలోపే ఫుల్ ఫ్రేమ్ కొనడం ఖాయమని తెలిస్తే 24-70 వైపు చూడవచ్చు, కానీ 24 ఎం.ఎం. క్రాప్ బాడీ మీద ఇరుకైపోతుంది. పైన చెప్పిన ఆరు మీటర్ల గ్రూపుకు ఆరున్నర మీటర్లు వెనక్కి వెళ్లాలి. మీ పరిస్థితిలో నేనైతే 17-50ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, పెళ్లిళ్లతో దాని ధర రాబట్టుకుంటాను.

రెండో లెన్స్‌గా, మొదటి పెళ్లి డబ్బు చేతికొచ్చాక, 50 ఎం.ఎం. ఎఫ్/1.8. అది కిట్ లెన్స్ చివరి అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), అంటే ఎఫ్/5.6 కంటే దాదాపు పదింతల వెలుగు ఇస్తుంది. అయితే పూర్తిగా తెరిచి రెండు మీటర్ల నుండి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. పెళ్లికూతురు ఒక్కర్తే ఉంటే ఎంతో అందంగా వస్తుంది. పక్కన అరడుగు వెనుకగా నిలబడ్డ పెళ్లికొడుకు మసకబారిపోతాడు. ఇద్దరుంటే ఎఫ్/4కు వెళ్లండి, లేదా ఇద్దరి ముఖాలూ కెమెరాకు ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టండి. 85 ఎం.ఎం. గురించి చాలామంది అడుగుతారు. క్రాప్ బాడీ మీద 85తో ఇందాకటి నడుము దాకా ఫోటో తీయాలంటే మూడున్నర మీటర్లు కావాలి. బయట చేసే ప్రీవెడ్డింగ్ ఫోటోలకు హాయిగా ఉంటుంది, వేదిక మీద మాత్రం మీరు మెట్ల దగ్గరికి వచ్చేస్తారు.

నగలు, మెట్టెలు, మంగళసూత్రం దగ్గరగా తీయడానికి 50 పనికిరాదని కూడా గుర్తుంచుకోండి. అది పది పదకొండు సెంటీమీటర్ల కంటే చిన్న వెడల్పును ఫ్రేము నిండా చూపలేదు. మీ కిట్ లెన్స్ దాని కంటే దగ్గరగా ఫోకస్ అవుతుంది, ఆ పనికి దాన్నే వాడండి. నగల దుకాణాల పని వస్తే అప్పుడు 90 లేదా 100 ఎం.ఎం. మాక్రో గురించి ఆలోచించవచ్చు.

ఇక గుడులు. నా మనసుకు దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. గుడి అనగానే అందరూ 10-18 వంటి అల్ట్రా వైడ్ కొనమంటారు. ఇరుకైన ప్రాకారంలో గోపురాన్ని మొత్తంగా పట్టాలంటే అది అవసరమే, కాదనను. కానీ తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర ఆలయం దగ్గర, చింతల వెంకటరమణ ఆలయం దగ్గర చూడవలసింది రాతి మీద ఉలి పని. కళ్ల ఎత్తుకు ఐదు మీటర్ల పైన ఒక శిల్పం ఉందనుకోండి. గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబడి తీయాలంటే కెమెరాను దాదాపు 70 డిగ్రీలు పైకెత్తాలి. పాదాలు పెద్దవిగా, తల చిన్నదిగా, శిల్పి ఎన్నడూ అనుకోని ఆకారం వస్తుంది. పన్నెండు మీటర్లు వెనక్కి జరిగితే 23 డిగ్రీలు ఎత్తితే చాలు, శిల్పం తన కొలతల్లో తాను నిలబడుతుంది. ఆ దూరం నుండి 200 ఎం.ఎం. దగ్గర మీకు 1.3 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే ఒక్క శిల్పం ఫ్రేము నిండా. మీ 55-250 శిల్పాలకు సరైన లెన్స్, దాని కోసం మీరు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కర లేదు. ఉదయం గానీ సాయంత్రం గానీ ఎండ గోడకు ఏటవాలుగా పడే వేళ వెళ్లండి, మిట్టమధ్యాహ్నం తీస్తే చెక్కడం లోతు చదునుగా మారిపోతుంది.

లేపాక్షిలో నంది విగ్రహాన్ని చాలామంది ముఖం దగ్గర వంగి వైడ్ లెన్స్‌తో తీస్తారు. తల కొండంత, వెనుక భాగం పిడికెడంత వస్తుంది. అది సుమారు 27 అడుగుల పొడవున్న ఏకశిల. దాని బరువు ఫోటోలో తెలియాలంటే దూరం కావాలి. ఇరవై మీటర్లు వెనక్కి వెళ్లి 35 దగ్గర తీస్తే పన్నెండు మీటర్లకు పైగా వెడల్పు పడుతుంది, చుట్టూ కొంత గాలి ఉంటుంది, విగ్రహం పొందిక చెడదు. లోపల వీరభద్రాలయ మండపంలో పైకప్పు చిత్రాలకు 18 సరిపోతుంది, అయితే కెమెరా పైకప్పుకు సమాంతరంగా ఉండాలి. లెన్స్‌ను ఆకాశం వైపు పెట్టి కెమెరాను నేల మీద సంచి మీద నిలిపి, రెండు సెకన్ల టైమర్ వేసి, ఎఫ్/5.6 నుండి ఎఫ్/8 మధ్య తీయండి. కదలిక ఉండదు కాబట్టి ఎక్స్‌పోజర్ సెకను పట్టినా ఫరవాలేదు, ఖరీదైన లెన్స్ అక్కర లేదు. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే అనుమతి అడగవలసి ఉంటుంది, ముందుగా అక్కడి సిబ్బందిని కలవండి. చిత్రాల మీద ఫ్లాష్ కొట్టవద్దు.

గండికోటలో కూడా వైడ్ లెన్స్ మోజు మోసం చేస్తుంది. పెన్నా లోయ అంచున నిలబడి 10 ఎం.ఎం.తో తీస్తే కాళ్ల ముందున్న బండలు ఫ్రేమును ఆక్రమిస్తాయి, లోయ అడుగున నది దారపు పోగులా మిగులుతుంది. నేను అక్కడ ఎక్కువగా 35 నుండి 70 మధ్యలో తీస్తాను. ఎర్రటి రాతి పొరలు ఒకదాని వెనుక ఒకటి దగ్గరగా పేర్చినట్టు కనబడతాయి, లోయ లోతు తెలుస్తుంది. మొత్తం వంపు కావాలనుకుంటే కెమెరాను నిలువుగా పట్టి 35 దగ్గర వరుసగా నాలుగైదు ఫ్రేములు తీసి కంప్యూటర్లో కలపండి. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) ఉంటే ఆ వైడ్ దృశ్యాలకు తీసేయండి, ఆకాశంలో ఒక చోట ముదురుగా, ఒక చోట పాలిపోయి మచ్చలా వస్తుంది. బెలుం గుహల గురించి ఒక్క మాట: లోపల ఉక్క, తేమ ఎక్కువ, ఏసీ కారులో నుండి దిగి నేరుగా వెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, సంచి మూసి ఉంచి కెమెరా వేడెక్కాకే తీయండి.

పక్షులకు వస్తే, వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి, మనుషులకు అలవాటు పడినవి. పాతిక మీటర్ల దూరంలో ఒక గూడును మూడు మీటర్ల వెడల్పుతో చూపించడానికి 180 ఎం.ఎం. సుమారుగా చాలు, అంటే మీ 55-250 సరిపోతుంది. రోళ్లపాడు గడ్డి మైదానంలో 150 మీటర్ల అవతల మేస్తున్న కృష్ణజింకను అయిదు మీటర్ల ఫ్రేములో పట్టాలంటే మాత్రం 660 ఎం.ఎం. కావాలి. 150-600 కొన్నా అంచున ఉన్నట్టే. అటువంటి లెన్స్ ఏడాదిలో కొద్ది రోజులే వాడేటట్లయితే అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఇంకొక మాట, మన జిల్లాల్లో తీసేవారికి తప్పక తెలియవలసినది. మార్చి దాటాక ఉదయం తొమ్మిది కాగానే నేల కాగి, నేలకు దగ్గరగా గాలి అలలు అలలుగా కదులుతుంది. వంద మీటర్ల అవతలి జంతువును ఆ గాలి గుండా 600తో తీస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా వెంట్రుక కూడా స్పష్టంగా రాదు. చాలామంది లెన్స్ చెడిపోయిందని సర్వీసుకు పంపుతారు. లెన్స్ తప్పేమీ ఉండదు. తెల్లవారిన గంటన్నరలో తీయాలి, లేదా ఇంకా దగ్గరికి చేరగలిగిన చోటు వెతకాలి.

ఇదే ప్రశ్న నికాన్ వాడేవారికి ఉంటే ఒక హెచ్చరిక. డీ3500, డీ5600 వంటి బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు. తనలో మోటార్ లేని పాత ఏఎఫ్-డీ రకం 50 ఎం.ఎం. చవకగా దొరికిందని కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి, తాళి కట్టే క్షణంలో అది కుదిరే పని కాదు. లెన్స్‌లోనే మోటార్ ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

చివరగా సెకండ్ హ్యాండ్ కొనే పద్ధతి, మీరు కొనబోయే 17-50 అలాగే దొరకవచ్చు కాబట్టి. మన వైపు గాలి పొడి, సముద్ర తీరపు ఊళ్లంత ఫంగస్ ఉండదు, దుమ్ము మాత్రం చేరుతుంది. లోపల కొద్దిపాటి దుమ్ము రేణువులు ఫోటోలో కనిపించవు, వాటికి భయపడనక్కర లేదు. అయితే లెన్స్ ఏ ఊరి నుండి వచ్చిందో తెలియదు, అందుకని వెనుక నుండి టార్చి వేసి ముందు నుండి చూడండి. సాలెగూడు దారాల వంటివి కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో గమనించండి. జూమ్ రింగు తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు చప్పుడు రాకూడదు. మీ బాడీనే తీసుకెళ్లి, ఇటుకల గోడకు ఎదురుగా నేరుగా నిలబడి, 17 దగ్గర, 50 దగ్గర, రెండు చోట్లా ఎఫ్/2.8లో తీసి, నాలుగు మూలలనూ తెర మీద పెద్దవి చేసి చూడండి. నాలుగు మూలలూ ఒకే తీరుగా కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం, ఎఫ్/4కు వచ్చేసరికి సర్దుకుంటుంది. ఒక మూల మాత్రమే మసకగా ఉండి మిగతా మూడూ స్పష్టంగా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందని అర్థం. ధర ఎంత తగ్గించినా ఆ లెన్స్ తీసుకోవద్దు.